క్యాపు కింద పన్ను

నా నోట్లో మూడు పళ్ళకు క్యాపులుండేవి. మూడూ మూడు ఊళ్ళలో, మూడు బ్రాంచీల్లో పనిచేస్తున్నప్పుడు వేయించుకున్నవి. బదిలీల ఉద్యోగస్తుల నోరు తెరిస్తే సర్వీసు రికార్డు కనబడుతుందని మా ఆవిడ ఎగతాళి చేస్తుంటుంది.

కిందటి సంక్రాంతికి నువ్వులుండ నములుతుంటే గట్టిగా ఏదో తగిలింది. రాయి అనుకుని తీసి చూస్తే నా క్యాపే! నొప్పి లేదు, రక్తం లేదు. సూపర్ గ్లూతో అంటించేద్దామనుకున్నాను. అదృష్టం కొద్దీ మా అమ్మాయి చేతిలోంచి ట్యూబు లాక్కుంది. ఆ జిగురు నోట్లో వాడేది కాదు, పైగా క్యాపు వంకరగా అతుక్కుంటే డాక్టరుకూ ఊడదీయడం కష్టం. క్యాపును కడిగి చిన్న డబ్బాలో వేసుకుని మర్నాడే వెళ్ళాం. ఆలస్యం చేస్తే పక్క పళ్ళు కాస్త జరిగి, అదే క్యాపు మళ్ళీ పట్టకపోవచ్చట.

నేను మళ్ళీ సిమెంటు పెట్టించుకుని వచ్చేద్దామన్న ధీమాతో కూర్చున్నాను. లోపలి పన్ను గట్టిగా ఉంటే నిజంగానే అంతటితో అయిపోతుంది. డాక్టరమ్మ లోపలికి చూసి, నల్లబడి మెత్తగా అయిపోయిన భాగాన్ని గీకుతూ పోయారు. చిగురు పైన మిగిలింది దాదాపు ఏమీ లేదు. "కొత్త క్యాపు వేద్దామన్నా పట్టుకోవడానికి పన్ను ఉండాలి కదండీ" అన్నారు.

అప్పుడు అర్థమైంది నాకు. క్యాపు పుచ్చదు, దాని కింది పన్ను పుచ్చుతుంది. క్యాపు అంచు, పన్ను కలిసేచోట సిమెంటు కొంచెం కరిగినా, చిగురు కిందికి జారి వేరు భాగం బయటపడినా, అక్కడ పాచి చేరి పుచ్చు లోపలికి పాకుతుంది. పైగా నాది రూట్ కెనాల్ చేసిన పన్ను. నరం తీసేశాక ఇక నొప్పి ఎక్కడినుంచి వస్తుంది? నొప్పి లేదు కాబట్టి బాగుందనుకున్నాను. అదే నేను చేసిన పొరపాటు.

సూచనలు లేకపోలేదు. ఆ పన్ను పక్కన ఫ్లాస్ దారం పెడితే పీచులుగా తెగేది. తిన్నది ఎప్పుడూ అక్కడే ఇరుక్కునేది. నోరు వాసన వస్తోందని మా ఆవిడ రెండుసార్లు చెప్పింది. ఉల్లిపాయ మీదకు నెట్టేశాను.

దీనికి ముందు కథ ఒకటుంది. మూడేళ్ళ క్రితం వేరే క్లినిక్‌కి వెళితే, పదేళ్ళు దాటాయి కాబట్టి మూడు క్యాపులూ మార్చేయాలన్నారు. ఎక్స్‌రే తీయలేదు, అంచులు పరీక్షించలేదు. క్రాస్ సెల్లింగ్ ఎలా ఉంటుందో మనకు ఇంకొకరు చెప్పాలా? నవ్వుకుంటూ లేచి వచ్చేశాను. ఆ అనుమానం తప్పు కాదు. కానీ ఆ కోపంలో మరో డాక్టరుకు చూపించుకోవడం కూడా మానేశాను.

క్యాపు ఫిక్స్‌డ్ డిపాజిట్టు కాదు, ఫలానా తేదీకి గడువు తీరడానికి. సాధారణంగా పది పదిహేనేళ్ళు వస్తుందంటారు, బాగా చూసుకుంటే ఇంకా ఎక్కువే. నా పై దవడలోని మెటల్ క్యాపుకు ఇరవై ఏళ్ళు. అంచులన్నీ సరిగ్గా ఉన్నాయి, ముట్టుకోనక్కర్లేదన్నారు డాక్టరమ్మ. మూడోది పింగాణీ పూత ఉన్న మెటల్ క్యాపు. చిగురు దగ్గర నల్లటి గీత కనబడుతుంటే అదీ పోయిందనుకున్నాను. చిగురు జారి లోపలి మెటల్ అంచు బయటపడిందట, అంతే. చూడ్డానికి బాగుండదు గానీ, అంచు సరిగ్గా ఉంటే మార్చక్కర్లేదు. పింగాణీ చిన్న పెచ్చు ఊడినా చాలాసార్లు నునుపు చేసో, అతుకు వేసో సరిపెట్టవచ్చు.

మరి మార్చాల్సిందెప్పుడు? అంచు దగ్గర పుచ్చు మొదలైతే, క్యాపు పగిలినా అరిగి చిల్లు పడినా, అంచు సరిగ్గా ఆనకపోతే. రాత్రిళ్ళు పళ్ళు కొరికేవాళ్ళకు అరుగుదల ఎక్కువ. నరం బతికున్న పన్నయితే చల్లటి నీళ్ళకు జివ్వుమని ముందే చెబుతుంది. చిగురు మీద చిన్న చీముపొక్కు లేచి, తగ్గి, మళ్ళీ లేస్తుంటే వేరు దగ్గర ఇన్ఫెక్షన్ ఉందేమో చూపించాలి. అక్కడ క్యాపు ఒక్కటే మారిస్తే చాలదు. ఎక్స్‌రే తీసినా మెటల్ కింద ఏముందో కనబడదు, అంచులూ వేర్లే తెలుస్తాయి. అందుకే డాక్టర్లు సన్నటి పరికరంతో అంచు చుట్టూ తడిమి చూస్తారు. "ఎందుకు మార్చాలి, ఎక్స్‌రేలో చూపించండి" అని అడగడానికి మొహమాటపడకండి. లోన్ రిజెక్ట్ చేస్తే కస్టమరు మనల్ని కారణం అడగడూ?

నా పన్ను తీసేశారు. ఇంప్లాంటా, బ్రిడ్జా అన్నది ఇంకా తేలలేదు. ప్రస్తుతం ఎడమవైపే నములుతున్నాను. మా ఆవిడ క్యాపుకు పదకొండేళ్ళు. వచ్చే సోమవారం ఎక్స్‌రేకి తీసుకెళుతున్నాను.