రోగి సేవల మెరుగుదలకు క్షేత్రస్థాయి సిబ్బంది మాటే మూలం

రోలుగుంట (అనకాపల్లి జిల్లా): ఆసుపత్రికి వచ్చిన రోగి వైద్యుని వద్ద ఉండేది కొద్ది నిమిషాలే. మిగిలిన సమయమంతా స్టాఫ్ నర్సు, ఏఎన్ఎం, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు, పారిశుద్ధ్య సిబ్బంది సేవలోనే గడుస్తుంది. లోటుపాట్లు ముందుగా కనబడేది వారికే. కనుక సేవల మెరుగుదలకు తీసుకునే నిర్ణయాలలో వారికి స్థానం కల్పించడం అత్యవసరం.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోని రోలుగుంట వంటి గ్రామీణ మండలాలలో ప్రజలకు తొలి ఆధారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. కాన్పు కష్టమైనప్పుడు గర్భిణిని 108 వాహనంలో పై ఆసుపత్రికి పంపవలసి ఉంటుంది. ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉన్నదా, అత్యవసర మందులు చేతికందే చోట ఉన్నవా, రిఫరల్ చీటీలో వివరాలన్నీ నమోదైనవా అన్న విషయాలు రాత్రి విధులలో ఉన్న నర్సుకే బాగా తెలుస్తాయి. ఆ మాట వినకుండా జారీ చేసిన ఉత్తర్వు కాగితానికే పరిమితమవుతుంది. దాని ఫలితం తల్లీబిడ్డలు అనుభవించవలసి వస్తుంది.

కేంద్ర ప్రభుత్వం 2013లో ప్రవేశపెట్టిన జాతీయ నాణ్యతా హామీ ప్రమాణాలు ఈ సూత్రాన్ని గుర్తించాయి. మదింపు నాలుగు విధాలుగా జరుగుతుంది: ప్రత్యక్ష పరిశీలన, రికార్డుల తనిఖీ, సిబ్బందితో ముఖాముఖి, రోగులతో ముఖాముఖి. ప్రతి అంశానికీ పూర్తిగా పాటిస్తే 2, పాక్షికమైతే 1, లేనిచో 0 మార్కులు ఇస్తారు. రోగుల సంతృప్తితో పాటు ఉద్యోగుల సంతృప్తిని కూడా తెలుసుకోవాలని ఈ ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి.

2017 డిసెంబరులో ప్రారంభమైన 'లక్ష్య' కార్యక్రమం మరో అడుగు ముందుకు వేసింది. ప్రసవ గదులలో, ప్రసూతి ఆపరేషన్ థియేటర్లలో పనిచేసే వారితోనే నాణ్యతా బృందాలు ఏర్పాటు చేసి, రెండేసి నెలల చొప్పున ఆరు విడతలుగా మార్పులు తీసుకురావడం దీని విధానం.

పారిశుద్ధ్య కార్మికుల అభిప్రాయమూ అంతే ముఖ్యం. 2016 జీవవైద్య వ్యర్థాల నియమావళి ప్రకారం సూదులను పొడుచుకుపోని తెల్లని డబ్బాలో వేయాలి. ఆ డబ్బా ఏ మంచం వద్ద లేదో, ఎక్కడ సూదులు చెత్తలో కలుస్తున్నవో చెప్పగలిగేది చెత్త ఎత్తే కార్మికులే. గాయపడేదీ వారే.

అయితే, సమావేశానికి పిలిచి సంతకం చేయించుకోవడం భాగస్వామ్యం అనిపించుకోదు. సిబ్బంది సూచనను మినిట్స్‌లో నమోదు చేయాలి. బాధ్యుని, గడువును నిర్ణయించాలి. తదుపరి సమావేశంలో దానిపై తీసుకున్న చర్యను వెల్లడించాలి. సాధ్యపడని పక్షంలో కారణం తెలపాలి. లోపం చెప్పినవారికే మెమో ఇచ్చే చోట మరుసటి లోపాన్ని ఎవరూ చెప్పరు. ఆసుపత్రులను సందర్శించే అధికారులు, పాత్రికేయులు రిజిస్టర్లతో పాటు సిబ్బంది చెప్పిన సూచనలలో ఎన్ని అమలైనవో కూడా పరిశీలించడం సముచితం.