పిల్లలకు సెలవులు, టీచరుకు డ్యూటీ

విదేశంలో టీచరు ఉద్యోగమంటే సగం ఏడాది సెలవులు, మిగతాది విహారయాత్ర అని మనలో చాలామంది అనుకుంటారు. జపాన్ సంగతి చూస్తే ఆ మాట నిలవదు. అక్కడి ప్రభుత్వం 1987 నుంచి జెట్ పథకం కింద విదేశీ యువతను బడుల్లో ఇంగ్లిష్ బోధనకు సహాయకులుగా తీసుకుంటోంది. జూలై చివర మొదలయ్యే వేసవి సెలవులు పిల్లలకే. చాలాచోట్ల సహాయక టీచరు మాత్రం రోజూ వచ్చి స్టాఫ్‌రూములో తన బల్ల దగ్గర కూర్చోవాల్సిందే. ఊరెళ్లాలంటే జీతంతో కూడిన సెలవు ఖర్చుపెట్టుకోవాలి. కార్మిక చట్టం ప్రకారం ఆరు నెలల సర్వీసు తర్వాత దక్కేది కనీసం 10 రోజులు.

ఏడాదికి 16 జాతీయ సెలవులున్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి. కానీ ఏప్రిల్ 29న మొదలయ్యే వరుస సెలవుల గోల్డెన్ వీక్‌లో, ఆగస్టు మధ్యలో పితృదేవతలను తలచుకునే ఓబోన్‌లో దేశమంతా ఒక్కసారే కదులుతుంది. మన సంక్రాంతి రద్దీలాగే రైళ్లు కిటకిటలాడతాయి, విమాన ఛార్జీలు కొండెక్కుతాయి. పైగా ఓబోన్ కుటుంబాల పండుగ. కొత్తవాడికి ఒంటరితనం తెలిసొచ్చేది అప్పుడే.

పరిచయాలు పెరిగేది మామూలు రోజుల్లో. మధ్యాహ్నం తెల్ల ఆప్రాన్లు, టోపీలు పెట్టుకున్న పిల్లలే క్లాసులో అన్నం, సూపు, పాలు వడ్డిస్తారు. చాలా బడుల్లో టీచరూ వాళ్ల పక్కనే కూర్చుని తింటాడు. తర్వాత అందరూ చీపుర్లు, తడిగుడ్డలు పట్టుకుని గదులు శుభ్రం చేస్తారు. వేసవిలో ఊరికే కూర్చోబెట్టి జీతమివ్వడం దండగనే విమర్శలో నిజం లేకపోలేదు. పని చూపించకపోవడం బడి లోపమే. అయినా అప్పుడూ ఆటల క్లబ్బుల సాధన ఆగదు. మైదానంలోకి దిగే టీచరుతో, సెలవులయ్యాక సెప్టెంబరులో పిల్లలు కాస్త ధైర్యంగానే నోరు విప్పుతారు.