మట్టివాసనలో మందు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో నల్లరేగడి చేలు కనిపిస్తాయి. వేసవి ఎండలకు నెర్రెలు విచ్చిన ఆ నేలమీద తొలకరి చినుకులు పడగానే కమ్మని వాసన వస్తుంది. దాన్ని మట్టివాసన అంటాం గాని, అందులో ముఖ్యమైన భాగం మట్టిలో బతికే స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియాది. అవి తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం చినుకు తాకిడికి గాలిలోకి లేస్తుంది.

ఈ బాక్టీరియా బూజులాగా దారాలు దారాలుగా పెరుగుతాయి. చిటికెడు మట్టిలో సూక్ష్మజీవులు కోట్లకొద్దీ వుంటాయి, తిండేమో కొంచెమే. అందుకే ఇవి పొరుగువాటిని అణచడానికి విషాలు తయారుచేస్తాయని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. క్షయకు వాడే స్ట్రెప్టోమైసిన్ అటువంటిదే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపించిన పరిశోధనల్లో బయటపడి, 1948లో ప్రకటించబడిన ఆరియోమైసిన్ కూడా మట్టి బాక్టీరియాదే.

ఇంతకీ కాన్సర్‌కూ వీటికీ ఏమి సంబంధం? సుబ్బారావుగారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త కాన్సర్ వున్న 16 మంది పిల్లలకు ఇచ్చాడు. 10 మందికి కొంతకాలం గుణం కనిపించింది. ఈ ఫలితం 1948లో వెలువడింది. అయితే ఇది బాక్టీరియా ఇచ్చిన మందు కాదు, ప్రయోగశాలలో చేసినది. మందుతో కాన్సర్‌ను లొంగదీయవచ్చుననే ధైర్యం మాత్రం దీనితో వచ్చింది. ఆ ఏడే సుబ్బారావుగారు కన్నుమూశారు.

తరువాత ఫార్బర్ చూపు మట్టివైపు మళ్లింది. వాక్స్‌మన్, వుడ్రఫ్ 1940లో మట్టి బాక్టీరియానుంచి ఆక్టినోమైసిన్ తీశారు. అది మరీ విషం కావడంతో అంటురోగాలకు పనికిరాలేదు. దాని కుటుంబానికే చెందిన ఆక్టినోమైసిన్-డి, 1950 దశకంలో పిల్లల మూత్రపిండాలకు వచ్చే విల్మ్స్ కాన్సర్‌మీద పనిచేసింది!

ఎలా? డి.ఎన్.ఏ. మెలితిరిగిన నిచ్చెన వంటిదని చదువుకున్నారు కదా. ఈ మందు ఆ నిచ్చెన మెట్ల సందున దూరి కూర్చుంటుంది. అక్కడి సమాచారాన్ని నకలు తీసుకోవడం కణానికి సాధ్యపడదు. ఆగకుండా విభజన చెందే కాన్సర్ కణాలకు ఈ దెబ్బ ఎక్కువ తగులుతుంది. వెంట్రుకల కుదుళ్లలోని కణాలూ వేగంగా విభజన చెందేవే. జుట్టు రాలేది అందుకే. చికిత్స పొంది బోడితలతో బడికి వచ్చిన పిల్లవాడి పక్కన కూర్చోవడానికి కొందరు జంకుతారు. కాన్సర్ పక్కన కూర్చుంటే అంటుకునే జబ్బు కాదు. మందు ముగిశాక జుట్టు సాధారణంగా మళ్లీ వస్తుంది.

ఇటలీలో ఒక పాతకోట దగ్గరి మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ ఎర్రని పదార్థాన్ని ఇచ్చింది. అదే డానోరూబిసిన్. దాని వెనుకనే డాక్సోరూబిసిన్ వచ్చింది. ఇది నేటికీ వాడుకలో వుంది. మోతాదు పెరిగేకొద్దీ గుండె దెబ్బతినే ప్రమాదం వుంది. కాబట్టి రోగికి మొత్తం ఎంత మందు ఎక్కిందో డాక్టర్లు లెక్క రాసుకుంటారు.

మరి ఈ విషం తయారుచేసే బాక్టీరియా తానెందుకు చావదు? దాని పైపొరలో పంపుల వంటి ప్రోటీన్లున్నాయి. లోపల తయారైన మందును అవి ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తాయి. చిక్కేమిటంటే, కొన్ని కాన్సర్ కణాలు కూడా ఇటువంటి పంపులతోనే మందును బయటికి తోసి బతికిపోతున్నాయి.