సబ్జా గింజ ఎందుకు ఉబ్బుతుంది?

పుట్టినరోజుకు పిలిస్తే స్నేహితులు ఎండలో పడి వస్తారు. రాగానే చల్లటి నిమ్మకాయ షర్బత్ చేతికిస్తే ప్రాణం లేచొస్తుంది. అందులో కప్ప గుడ్లలా తేలేవే సబ్జా గింజలు. (పోలిక బాగాలేదు కానీ, దగ్గరగా చూస్తే మీరూ అదే అంటారు!)

ఇవి తులసికి దగ్గరి చుట్టమైన మొక్క గింజలు. నల్లగా, నువ్వుగింజ కన్నా చిన్నగా ఉంటాయి. పైపొరలో ఒక రకం పీచుపదార్థం ఉంటుంది. తడి తగలగానే అది నీళ్లు పీల్చుకుని, జిగురు తొడుగులా గింజ చుట్టూ విచ్చుకుంటుంది. లోపలి నల్లచుక్క మాత్రం అలాగే ఉంటుంది. పొడినేలలో పడ్డ గింజ చుట్టూ తడి నిలిపేది ఈ తొడుగే.

గ్లాసుడు మంచినీళ్లలో చెంచాడు గింజలు వేసి 15 నిమిషాలు ఉంచండి. పొడిగింజలు మింగొద్దు, గొంతులో ఉబ్బి అడ్డుపడొచ్చు.

ఇక షర్బత్. ముందు పంచదార కరిగించాలి, ఐసు ఆ తర్వాతే. చల్లటి నీళ్లలో అణువులు నెమ్మదిగా కదులుతాయి, అందుకే పంచదార త్వరగా కరగదు. మా ఇంట్లో ఐసు ముందేసిన రోజు పైన పులుపు, అడుగున పలుకులు!