14 ఇంచులా, 15.6 ఇంచులా? రోజూ బ్యాగులో మోసేవాళ్లు చూడాల్సిన లెక్క ఇదీ!

కొత్త ల్యాప్‌టాప్ అనగానే చాలామంది పెద్ద స్క్రీనే బెటర్ అని 15.6 ఇంచుల మోడల్ తీసేసుకుంటారు. హాస్టల్ రూమ్‌లో టేబుల్ మీదే ఉండేదైతే ఓకే. కానీ సంజామల నుంచి కోవెలకుంట్ల మీదుగా బస్సులో నంద్యాల కాలేజీకి రోజూ వెళ్లొచ్చే బీటెక్ స్టూడెంట్‌కి లెక్క వేరు. ఆ బరువు నాలుగేళ్లు భుజం మీదే ఉంటుంది మరి.

ఇంచులు చెప్పని సంగతి

స్క్రీన్ సైజ్ అంటే మూల నుంచి మూలకు కొలత. అందుకే ఇంచులతో పాటు 16:9, 16:10 అనే నిష్పత్తి కూడా చూడాలి. 15.6 ఇంచుల 16:9 స్క్రీన్ ఎత్తు సుమారు 19.4 సెం.మీ. 14 ఇంచుల 16:10 స్క్రీన్ ఎత్తు 18.8 సెం.మీ. తేడా అర సెంటీమీటరు పైచిలుకే! వెడల్పులో మాత్రం నాలుగు సెంటీమీటర్లకు పైగా తగ్గుతుంది.

కోడ్, పీడీఎఫ్‌లు పైనుంచి కిందికి చదువుతాం కదా. 1920x1080 బదులు 1920x1200 ఉంటే, స్కేలింగ్ ఒకేలా పెట్టినప్పుడు చిన్న స్క్రీన్‌లోనే ఎక్కువ లైన్లు కనిపిస్తాయి. కాకపోతే అక్షరాలు కాస్త చిన్నవవుతాయి. కళ్లద్దాలు ఉన్నవాళ్లు షాపులోనే చదివి చూసుకోండి.

బరువు, బ్యాటరీ

యాపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం2 చూడండి. 13 ఇంచులది 1.24 కిలోలు, 15 ఇంచులది 1.51 కిలోలు. పెద్దదాంట్లో బ్యాటరీ కూడా పెద్దదే (52.6కి బదులు 66.5 వాట్ అవర్). అయినా కంపెనీ రెండింటికీ చెప్పేది 18 గంటలే. ఆ అదనపు ఛార్జ్‌లో చాలావరకు పెద్ద స్క్రీన్ వెలగడానికే పోతుందన్నమాట. గేమింగ్ ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ బరువు కూడా కలుపుకోవాలి.

మరి ట్యాబ్?

11 ఇంచుల ట్యాబ్ దాదాపు అర కిలోనే. నోట్స్, క్లాసులకు సూపర్. కానీ ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివి ఐప్యాడ్‌లో నడవవు. పెద్ద ట్యాబ్‌కి కీబోర్డ్ కవర్ తగిలిస్తే బరువు మళ్లీ ల్యాప్‌టాప్ దగ్గరికే వస్తుంది.

ఏది కొనాలి?

రోజూ తిరిగేవాళ్లకి 14 ఇంచుల 16:10, ఒకటిన్నర కిలోల లోపు మోడల్ బెస్ట్. టైప్‌-సి ఛార్జింగ్, హెచ్‌డీఎంఐ పోర్ట్ ఉన్నాయో లేదో చూడండి. పెద్ద స్క్రీన్ కావాలంటే తర్వాత ఇంట్లో 24 ఇంచుల మానిటర్ తగిలించుకోవచ్చు. ల్యాప్‌టాప్ ఇల్లు కదలదు, గేమింగే ముఖ్యం అనుకుంటే మాత్రం 15.6 లేదా 16 ఇంచులకే వెళ్లండి.

షాపుకి మీ కాలేజీ బ్యాగు, పుస్తకాలతో సహా పట్టుకెళ్లండి. ల్యాప్‌టాప్, ఛార్జర్ అందులో పెట్టి పది నిమిషాలు తగిలించుకుని నిలబడండి. స్పెక్స్ షీట్ చెప్పనిది మీ భుజమే చెప్పేస్తుంది.