సుశీల వాళ్ల ఊరు

మంగళవారం పొద్దున్నే మా ఎడిటర్ ఫోను. "వచ్చే ఆదివారం ముఖచిత్రం నాందేడ్. గురుద్వారా బంగారు గోపురం కవర్ మీదికి. లోపల నదీ, ఘాట్లూ, తిండీ నువ్వు చూసుకో. గురువారం రాత్రికల్లా కాపీ రావాలి." ఆధ్యాత్మిక పర్యాటకం అనే మాట కూడా ఒకటికి రెండుసార్లు అన్నారు. ఆ మాట వింటే నాకు కొంచెం జంకు. గుడికి పోయేవాడు యాత్రికుడు, కొండకు పోయేవాడు షికారుగాడు. రెండూ కలిపి ఒక కరపత్రం వేస్తే ఊరు కనపడదు, కరపత్రమే కనపడుతుంది.

అనుకున్నట్టే అయింది. తిరిగొచ్చి నోట్‌బుక్ తిప్పితే గోపురం మీద నాలుగు వాక్యాలున్నాయి. మిగతా పేజీలన్నీ తిండి పేర్లు. అందులో మొదటి పేరు సుశీల.

బొరుగుల మూకుడు ముందు

బుధవారం ఉదయం ఏడు గంటలు. స్టేషన్‌కి కొద్ది దూరంలో ఒక సందు మొగలో తోపుడుబండి. ఫొటోగ్రాఫర్ కుర్రాడికి పోహా కావాలి. మరాఠీ నేల మీద అటుకులకు లోటేముంటుంది? కానీ బండి మీద రేకు పలక నా కళ్లను పట్టేసింది. పోహా, ఉప్మా, సుశీల. మూడోది వంటకమా, బండి యజమాని పేరా అని నిజంగానే సందేహం వచ్చింది.

"సుశీల ఒక ప్లేట్" అన్నాను, అనుమానంగానే.

ఆమె బేసిన్‌లో నీళ్లు పోసి రెండు చేరలు బొరుగులు వేసింది. అవి తడిసీ తడవకముందే రెండు చేతులతో పట్టి పిండి పక్కన పెట్టింది. మూకుట్లో నూనె, ఆవాలు, పల్లీలు, పచ్చిమిర్చి, కరివేపాకు, సన్నంగా తరిగిన ఉల్లి, చిటికెడు పసుపు. పిండిన బొరుగులు మూకుట్లో పడేసరికి పసుపు రంగు అంతటా ఎక్కింది. ఆ తర్వాత డబ్బా మూత తీసి పైనుంచి గుప్పెడు పొడి చల్లింది. వాసన నా ముక్కుకి ముందే తెలుసు. పుట్నాలపప్పు పొడి. నిమ్మకాయ పిండి, కొత్తిమీర వేసి, ప్లేటు నా చేతికిచ్చింది.

మాది గుంతకల్లు వైపు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆదివారం టిఫిన్ ఇదే. పేరు ఉగ్గాణి. బళ్లారి దాటితే కన్నడిగులు మండక్కి ఒగ్గరణె అంటారు. వాళ్ల మాటలో ఒగ్గరణె అంటే తిరగమోత. ఉగ్గాణీ ఒగ్గరణే పక్కపక్కన పెట్టి పలికితే ఒక తల్లి పిల్లలని తెలిసిపోతుంది. ఇంకాస్త పడమటికి, హుబ్బళ్లి, దావణగెరె వైపు పోతే దాన్నే సుస్లా అంటారు. ఆ సుస్లా మరాఠ్వాడాలోకి వచ్చేసరికి సుశీల అయి కూర్చుంది. ఏది ముందో ఏది వెనకో భాషాశాస్త్రం వాళ్లు తేల్చుకోవాలి. నా వరకు గుంతకల్లు నుంచి నాందేడ్ దాకా ఒకే మూకుడు.

"సుశీల అన్న పేరు ఎట్లొచ్చిందమ్మా?" అని నా హిందీలో అడిగాను. నా హిందీ వినగానే ఆమె తెలుగులోకి దిగింది.

"పేరు పేరే అన్నా. మీ ఉప్మాకెట్ల వచ్చింది?"

ఆమె పుట్టిల్లు ధర్మాబాద్. అంటే మన బాసరకు పక్క ఊరే. "ఆడ ఇంట్ల తెలుగే. ఈడ పిల్లలు మరాఠీ బడికి పోతరు. తెలుగు మాట్లాడ్తరు గని సదువరాదు" అంది, ఇంకో ప్లేటుకు బొరుగులు తడుపుతూ. నేను రెండో ప్లేటు తీసుకున్నాను. ఫొటోగ్రాఫర్ పోహాయే తిన్నాడు. అతని ఖర్మ.

అంబాడీ అంటే ఎవరో కాదు

మధ్యాహ్నం జొన్న భాకరీ దొరికే చోటు వెతికాం. భాకరీ మనకు కొత్త కాదు. తెలంగాణలోనూ సీమలోనూ జొన్నరొట్టె చేత్తో తట్టేదే. పక్కన ఠేచా, అంటే పచ్చిమిర్చీ వెల్లుల్లీ ఉప్పూ వేసి కచ్చాపచ్చాగా దంచింది. ఆ పక్కన పిఠ్లం. శెనగపిండిని తిరగమోతలో ఉడికిస్తే వచ్చే పల్చటి పసుపుపచ్చ కూర. కోస్తా హోటళ్లలో పూరీకి వేసే బొంబాయి చట్నీకి ఇది దగ్గరి చుట్టం. మనవాళ్లు దానికి బొంబాయి అని పేరు పెట్టడం ఉత్తినే కాదన్నమాట.

ఇక ఆకుకూర. "అంబాడీచీ భాజీ" అన్నాడు వడ్డించే అబ్బాయి. నోట్లో పెట్టుకోగానే పులుపు దవడలు పట్టింది. గోంగూర! ఇక్కడ జొన్న నూకో బియ్యం నూకో వేసి మెత్తగా ఉడికించి, పైన వెల్లుల్లి తాలింపు పోస్తారు. గుంటూరు వాళ్లకు గోంగూర, తెలంగాణ పల్లెలకు పుంటికూర, ఉత్తర కర్ణాటకకు పుండీ. హైదరాబాద్ పాతబస్తీ వంటింట్లో మాత్రం మాంసంలో వేసే ఆ ఆకు పేరు అంబాడా. మరాఠీ అంబాడీ చార్మినార్ దాకా ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే, నాందేడ్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో జిల్లా అని చెప్పడం చాలు. ఆకుకూరకు సరిహద్దు రాళ్లు పాతినవాళ్లెవరూ లేరు.

చరిత్ర, ఒక్క గుక్కలో

గురు గోబింద్ సింగ్ 1708లో నాందేడ్ చేరారు. గోదావరి ఒడ్డున మాధోదాస్ అనే బైరాగి ఆయన శిష్యుడై బందా సింగ్ బహదూర్‌గా మారి పంజాబ్ వెళ్లాడు. అదే ఏడాది అక్టోబర్ 7న గురువు ఇక్కడే కన్నుమూశారు. అంతకుముందే తన తర్వాత మనిషి గురువు ఉండడని, గ్రంథమే గురువని ప్రకటించారు. మహారాజా రంజిత్ సింగ్ పంపిన సొమ్ముతో 1832–37 మధ్య ఇప్పటి గురుద్వారా కట్టడం లేచింది. నిజాం దివాను చందూలాల్ కాలంలో పంజాబ్ నుంచి సిక్కు సిపాయిలు హైదరాబాద్ వచ్చారు. అత్తాపూర్‌లో సిఖ్ ఛావునీ అలా వెలసిందే. 1948 సెప్టెంబర్ 17న నిజాం పాలన ముగిసింది. ఈ గురుద్వారా నిర్వహణకు ఉన్న చట్టం హైదరాబాద్ శాసనసభ 1956లో చేసింది. ఆ ఏడాది నవంబర్ 1న ఆ రాష్ట్రమే లేకుండా పోయింది, చట్టం మిగిలింది. మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వెళ్లింది. 2008లో, గ్రంథమే గురువన్న ఆ ప్రకటనకు మూడు వందల ఏళ్లు నిండిన గురుగద్దీ త్రిశతాబ్ది పేరున రోడ్లూ విమానాశ్రయమూ కొత్తవయ్యాయి. హమ్మయ్య.

శెనగలే బాదం

సిక్కుల అత్యున్నత పీఠాలైన అయిదు తఖ్తుల్లో ఒకటి ఇక్కడిది. పేరు తఖ్త్ సచ్‌ఖండ్ హుజూర్ సాహిబ్. పంజాబీలు ఊరిని అబ్‌చల్‌నగర్ అంటారు. రైల్వే వాళ్లు బోర్డు మీద హుజూర్ సాహిబ్ నాందేడ్ అని రాశారు. ఊరికి ఇన్ని పేర్లుంటే ఉల్లిపాయకు ఒకటి సరిపోతుందా?

ఆ సంగతి లంగర్‌లో, అంటే గురుద్వారా ఉచిత భోజనశాలలో, కూర్చున్నాక తెలిసింది. నెత్తిన రుమాలు కట్టుకుని, చెప్పులు అప్పజెప్పి, పంక్తిలో నేల మీద కూర్చున్నాం. నా కుడిపక్క లారీ డ్రైవర్, ఎడమపక్క చేతికి బంగారు కడియమున్న పెద్దాయన. స్టీలు పళ్లెంలో పప్పు పడింది, కూర పడింది, పాయసం పడింది. రొట్టెల బుట్టతో వచ్చిన కుర్రాడు "పర్షాదా వాహెగురూ" అంటూ సాగిపోతున్నాడు. రొట్టెను రొట్టె అనరు, పర్షాదా అంటారు. ఒంటిచేత్తో లాక్కోవడం కాదు, రెండు అరచేతులూ దోసిలి పట్టాలి. నేను అలవాటుగా పళ్లెం ముందుకు జరిపాను. అతను నవ్వి, దోసిలి ఎలా పట్టాలో తన బుట్ట కిందపెట్టి మరీ చూపించాడు.

ఎడమపక్క పెద్దాయన దగ్గర మిగతా పేర్లు రాబట్టాను. ఖాల్సా బోలే అంటారట వాటిని. పద్దెనిమిదో శతాబ్దంలో పంజాబ్‌లో మొఘల్ సేనలు తరిమితే సిక్కు దళాలు అడవుల్లో దాక్కుని బతికాయి. తిండికి కటకట. అప్పుడు పుట్టిన మాటలివి. శెనగలు బాదం అయ్యాయి. ఉల్లిపాయ రూపా, అంటే వెండి. మిరపకాయ లడాకీ, జగడాలమారి. ఒంటరిగా ఉన్న సిక్కు సవా లాఖ్, లక్షా పాతికవేల మంది. వంటశాలలో గింజ లేకపోతే లంగర్ మస్తానా, అంటే ఇవాళ వంటిల్లు మత్తుగా ఉందని అర్థం! మాంసం మహాప్రసాద్. లంగర్‌లో మాత్రం శాకాహారమే వడ్డిస్తారు.

మన ఇళ్లలోనూ ఇదుంది. దీపం ఆర్పమనం, కొండెక్కించమంటాం. బియ్యం అయిపోయాయనం, నిండుకున్నాయంటాం. అయితే మనది అశుభం పలకకూడదన్న జాగ్రత్త. వాళ్లది ఆకలి మొహం మీద నవ్విన పొగరు. ఆ పళ్లెం ముందు కూర్చుని నాకు ఆ పొగరే నచ్చింది.

> పళ్లాలు వెంట తెచ్చుకునే రైలు
>
> నాందేడ్ నుంచి అమృత్‌సర్‌కు సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్, నంబర్ 12715. రెండు వేల కిలోమీటర్ల పైన ప్రయాణం. దారిలో కొన్ని స్టేషన్లలో స్థానిక సిక్కులు బకెట్లతో ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉచితంగా లంగర్ వడ్డిస్తారు. ఈ రైలు సంగతి తెలిసినవాళ్లు ఇంటినుంచే పళ్లెమూ గ్లాసూ తెచ్చుకుంటారు. స్లీపరూ ఏసీ తేడా లేదు, కిటికీ దగ్గరో తలుపు దగ్గరో గిన్నె చాపాల్సిందే.

రాత్రి రెండు గంటల బిందె

వరస తప్పి చెబుతున్నాను. ఇది సుశీలకన్నా ముందు జరిగింది. మంగళవారం సాయంత్రం కాచిగూడలో ఎక్కిన రైలు మమ్మల్ని నడిరాత్రి దింపింది. ముందుగా మాట్లాడుకున్న గది ఇంకెవరికో ఇచ్చేశామన్నారు. చేసేదిలేక గురుద్వారా ఆవరణలోనే చలవరాయి మీద కూర్చున్నాం. ఆ గది దొరికి ఉంటే నేను ఇది చూసేవాణ్ని కాదు.

రెండు గంటల వేళ ఒక సింగ్ గోదావరి నీళ్లబిందెతో వచ్చాడు. బిందెను గాగర్ అంటారు, తెచ్చేవాణ్ని గాగరియా సింగ్. వెంట ఆయుధం ఉంటుంది. మెలకువగా ఉన్న యాత్రికులు పక్కకు తప్పుకుని చేతులు జోడించారు. ఆ నీళ్లతోనే లోపల అంగీఠా సాహిబ్‌ను కడుగుతారు. గురువు చితి వెలిగిన చోటు అది. ఆ గర్భగుడిలోకి ప్రధాన అర్చకుడు తప్ప ఇంకొకరు పోరు. ఆయన బ్రహ్మచారిగా ఉండాలి. ఇక్కడ దీపాలతో ఆరతి ఇస్తారు, గురువు ఆయుధాలకు తిలకం దిద్దుతారు. గురు గ్రంథ్ సాహిబ్‌తో పాటు దశమ్ గ్రంథ్‌ను కూడా ప్రతిష్ఠించారు. అమృత్‌సర్ నుంచి వచ్చినవాళ్లకు ఇవన్నీ వింత. అభిషేకజలం మోసుకొచ్చే పూజారిని చూస్తూ పెరిగిన మనకు ఏదీ వింత కాదు. దక్కన్ నీళ్లు ఎవరినైనా కాస్త తడుపుతాయి.

పొద్దున నది దగ్గరికి పోయి చూశాను. నగీనా ఘాట్ మెట్లు బాగున్నాయి. నీళ్లు బాగాలేవు. మెట్ల పక్క గుర్రపుడెక్క, పూల ప్లాస్టిక్ కవర్లు. ఇదే గోదారి ఇంకొంచెం కిందికి బాభ్లీ బ్యారేజీ దాటి మన బాసరకు వస్తుంది. ఆ బ్యారేజీ మీద మనమూ మహారాష్ట్రా సుప్రీంకోర్టు దాకా కొట్లాడుకున్నాం. జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలని 2013లో తీర్పొచ్చింది. నీళ్లెన్ని అన్నదానికి కోర్టుంది. నీళ్లెలా ఉన్నాయి అన్నదానికి ఘాట్ మెట్టు మీద కూర్చునే ఓపిక కావాలి.

చివర్న "వార్"

సాయంత్రం వజీరాబాద్ బజారులో దుకాణాల బోర్డులు చదువుకుంటూ నడిచాం. దేవనాగరిలో ఉన్నా సగం పేర్లు నాకు తెలిసినట్టే ఉన్నాయి. చివర "వార్" తీసేస్తే లోపలినుంచి తెలుగు ఇంటిపేరు బయటపడుతుంది. ఫలానా "వారు" అని మనం గౌరవంగా అనేదే మరాఠీ నోట్లో అరిగి వార్ అయింది. చంద్రపూర్ నాయకుడు సుధీర్ ముంగంటివార్ పేరు పేపర్లో చదివినప్పుడల్లా నాకు ముంగంటివారే వినపడతారు. కోమట్లు, పద్మశాలీలు తరాల కిందటే ఇటు వచ్చి స్థిరపడ్డారు. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ తాలూకాల్లో తెలుగు ఇప్పటికీ వీధి భాషే. 2018లో అటు ఊళ్లు కొన్ని తమను తెలంగాణలో కలపమన్నాయి. తెలంగాణ రైతులకు పెట్టుబడి సాయమిచ్చే రైతుబంధు మొదలైన ఏడాదది. భాషాభిమానం ఎంతో, ఎకరానికి నాలుగు వేలు ఎంతో నేను తూచలేను.

> ఒక రోజు మిగిలితే
>
> మాహూర్: రేణుకాదేవి కొండ. మహారాష్ట్ర మూడున్నర శక్తిపీఠాల్లో ఒకటి. రోట్లో దంచిన తాంబూలమే ప్రసాదం. పంటి ఇబ్బంది ఉన్న పెద్దలకు ఇంతకన్నా దయగల ప్రసాదం ఉండదు.
>
> సహస్రకుండ్: పైన్‌గంగ జలపాతం. ముద్‌ఖేడ్–ఆదిలాబాద్ రైలుదారిలో ఆ పేరుతోనే స్టేషన్ ఉంది. వానాకాలంలో పోతేనే పోయినట్టు.
>
> హొట్టల్: దెగ్లూర్ దగ్గర చాళుక్యుల నాటి సిద్ధేశ్వరాలయం. శిల్పం తీరిగ్గా చూడాలి.
>
> మాళేగావ్: లోహా తాలూకాలో మార్గశిర మాసపు ఖండోబా జాతర. గుర్రాల సంతకు పేరు.

గురువారం పొద్దున తిరుగురైలు ఎక్కేముందు మళ్లీ ఆ సందు మొగకు పోయాను. బండి ఉంది, సుశీల అప్పుడే అయిపోయింది. "నిండుకుంది" అందామె తెలుగులోనే. పోహా తిని రైలెక్కాను.

ముద్‌ఖేడ్ దాటాక అమ్మకు ఫోన్ చేశాను.

"మా, నిన్న నాందేడ్‌లో సుశీల తిన్నా."

"ఎవురురా సుశీల?"

బొరుగులు తడిపిన దగ్గర్నుంచి పుట్నాల పొడి దాకా చెప్పుకొచ్చాను. అవతల కాసేపు నిశ్శబ్దం.

"అది ఉగ్గాణి గదరా! దాంట్లేకి బజ్జీ యేసినారా?"

"లేదు మా."

"ఇంగేం తిన్న్యావు నువ్వు."