చమురు బావులు – సూక్ష్మజీవులు

పాలను కాచకుండ ఒక పూట మఱచినచో అవి విరిగిపోవును. కంటికి కానరాని సూక్ష్మజీవులే దానికి కారణమని మీరు చదువుకొనియున్నారు. భూమి క్రింద రెండు మూడు కిలోమీటర్ల లోతున, రాతిపొరలలో కోట్ల సంవత్సరములుగా నిలిచియున్న ముడిచమురు కూడ ఇట్టి జీవుల వలననే చెడునన్నచో ఆశ్చర్యము కలుగక మానదు. ఇట్లు చెడిన చమురును ఆ పరిశ్రమలోనివారు ‘పులిసిన చమురు’ అందురు. ఇది నాలుకకు తెలియు పులుపు కాదు. హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువు చమురుతో కలిసి పైకి వచ్చుటయే ఈ పులుపు.

ఈ వాయువు కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన గలది. వాసన ఉన్నది గదా, ముందే తెలిసిపోవునని తలచుట పొరపాటు. పది లక్షల వంతుల గాలిలో ఈ వాయువు సుమారు 100 వంతులకు చేరినచో, కొద్ది నిమిషములలోనే ముక్కు దాని వాసనను పట్టు శక్తిని కోల్పోవును. వాసన పోయినది గనుక ఆపద తొలగినదని నమ్మినవాడు ప్రాణమునకే మోసము తెచ్చుకొనును. అది 1,000 వంతులకు చేరినచో మనిషి ఒకటి రెండు ఊపిరులలోనే స్పృహ తప్పి కూలిపోవచ్చును. ఇంతే కాక, ఈ వాయువు ఉక్కు గొట్టములను కూడ తినివేయును.

ఇది చమురులోనికి ఎట్లు వచ్చును? భూగర్భమున చమురు చెరువువలె నిలిచియుండదు. తడిసిన ఇటుకలో నీరువలె ఇసుకరాతి సందులలో ఇమిడియుండును. మొదట లోపలి ఒత్తిడియే దానిని పైకి నెట్టును. ఒత్తిడి తగ్గిన పిదప వేఱొక బావి ద్వారా నీటిని లోనికి పంపి, చమురును ముందునకు త్రోయుదురు. సముద్రము నడుమనున్న బావులకు సముద్రజలమే చేతికందు నీరు. కాని ఒక లీటరు సముద్రజలములో సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు కలదు. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది.

మనము శ్వాసించుటకు ప్రాణవాయువు ఎట్లో, ఒక జాతి బాక్టీరియాకు సల్ఫేటు అట్టిది. ఈ జాతిని 1895లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైయెరింక్ కనుగొనెను. చమురు బావుల నీటిలో కూడ ఇవి ఉన్నవని 1926లో షికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన బాస్టిన్ తెలిపెను. చమురుపొరల నీటిలో కరగియున్న సేంద్రియామ్లములు వీనికి ఆహారము. ఆ ఆహారమును తిని, సల్ఫేటును వినియోగించి, ఇవి హైడ్రోజన్ సల్ఫైడును విడుచును. లోతునగల మిక్కుటమైన వేడిమిలో ఇవి సాధారణముగా బ్రతుకలేవు. కాని చల్లని సముద్రజలము దిగిన చోట రాయి చల్లబడి, వీనికి అనుకూలమైన నెలవగును.

వీనిని చంపుటకు మొదట విషరసాయనములను వాడిరి. ఆసుపత్రులలో పరికరములను శుద్ధిచేయు గ్లుటరాల్డిహైడు అట్టి వానిలో నొకటి. అయితే ఈ జీవులు గొట్టముల గోడలపై జిగురుపొరను అల్లుకొని, దానిలో దాగియుండును. విషము పైనున్న వానిని చంపినను, లోపలివి మిగిలి మరల వృద్ధి చెందును. ఇట్లు పదే పదే విషము పోయవలసివచ్చును. దానిని వాడు కార్మికులకును అది ప్రమాదకరమే.

అంతట శాస్త్రజ్ఞులు వేఱొక ఉపాయమును పన్నిరి. చేనిలో పైరు ఒత్తుగా పెరిగినచో కలుపునకు చోటు దొరకదు గదా! చమురుపొరలలోని నీటిలో నైట్రేటును వినియోగించు బాక్టీరియా కూడ కలదు. సల్ఫేటు కంటె నైట్రేటు వలన లభించు శక్తి అధికము. కావున నీటిలో నైట్రేటును కలిపినచో ఈ రెండవ జాతి త్వరగా పెరిగి, మొదటి జాతి తినవలసిన ఆహారమును తానే తినివేయును. నైట్రేటు మార్పుచెందునపుడు ఏర్పడు నైట్రైటు కూడ మొదటి జాతిని అణచును.

నార్వే దేశమునకు పడమట, ఉత్తర సముద్రములో వెస్లెఫ్రిక్ అను చమురుక్షేత్రము ఉండెడిది. అచ్చట ఉత్పత్తి 1989లో మొదలై 2022లో ముగిసినది. ఆ క్షేత్రములో 1999లో గ్లుటరాల్డిహైడును మాని నైట్రేటును వాడ మొదలిడిరి. క్రమముగా సల్ఫేటు బాక్టీరియా తగ్గి, నైట్రేటు బాక్టీరియా పెరిగెను. గొట్టముల క్షయము కూడ తగ్గినది. గుల్‌ఫాక్స్ అను మఱియొక క్షేత్రమునను ఈ పద్ధతి వలన విషవాయువు తగ్గెను.

అయినను ఇది మంత్రము కాదు. నైట్రేటును ఎడతెగక కలుపుచుండవలెను. ఆపినచో పాత జాతి మరల తల యెత్తును. మోతాదు తప్పినచో ఉక్కునకు వేఱొక విధమైన హాని కలుగవచ్చును. అదివఱకే పుట్టిన వాయువును తొలగించుటకు వేఱు రసాయనములు కావలెను. కాబట్టి ఎంత చికిత్స జరిగినను, ఇట్టి బావులయొద్ద పనిచేయువారు వాయువును కనిపెట్టు చిన్న పరికరమును దుస్తులకు తగిలించుకొందురు. అది మ్రోగినంతనే, ముక్కునకు ఏ వాసనయు తెలియకున్నను, ఆ చోటును విడిచి పోవుదురు.